కారు లోహ భాగాలను అతికించే జిగురు: రాయలసీమ ఎండను లెక్కలోకి తీసుకుని ఎంచుకోవడం ఎలా?

అనంతపురంలో గానీ కర్నూలులో గానీ కార్ల విడిభాగాలు అమ్మే దుకాణం దగ్గర కాసేపు నిలబడితే, "అన్నా, ఇనుముకు ఇనుము పట్టుకునేది, ఉండేటివాట్లో బాగా గట్టిది ఇయ్యన్నా" అని అడిగేవారు తప్పకుండా కనబడతారు. దుకాణదారు ఇంకేమీ అడగకుండా ఎపాక్సీ, అంటే రెండు ట్యూబుల్లోనిది కలిపి వాడే గట్టి జిగురు, పెట్టె ఒకటి తీసి ఇస్తాడు. దానితో అతికించిన భాగం కొన్నిసార్లు కారు ఉన్నంతకాలం నిలుస్తుంది. కొన్నిసార్లు సంక్రాంతికి అతికించినది మే నెల ఎండకు మెత్తబడి, బండి ఒక గుంతలో దిగగానే ఊడి వస్తుంది. అప్పుడు సరుకు నకిలీదనో, కంపెనీ మంచిది కాదనో అనుకోవడం పరిపాటి. నిజానికి ఇలాంటి వైఫల్యాలు చాలావాటికి జిగురు నాణ్యతతో సంబంధం ఉండదు. ఆ అతుకు మీద బలం ఏ దిశలో పడుతుంది, అది ఎంత వేడెక్కుతుంది, ఎంత అదురుతుంది, అతికించే ముందు ఆ లోహం ఎంత శుభ్రంగా ఉంది అనే నాలుగు ప్రశ్నలు ఎవరూ వేసుకోరు. ఈ నాలుగింటికీ జవాబు తెలిస్తే జిగురు ఎంపిక దాదాపు దానంతట అదే తేలిపోతుంది. తెలియకపోతే ఎంత ఖరీదైనది కొన్నా అది జూదమే అవుతుంది.

లోహాన్ని జిగురుతో అతికించడం తాత్కాలిక ఏర్పాటు మాత్రమేనని, అసలైన పని వెల్డింగేనని మన మెకానిక్ షెడ్లలో బలమైన నమ్మకం ఉంది. ఆ నమ్మకంలో సగమే నిజం. ఇంగ్లాండులోని డక్స్‌ఫర్డ్‌లో నార్మన్ డి బ్రూయిన్ 1934లో స్థాపించిన ఏరో రీసెర్చ్ లిమిటెడ్ అనే సంస్థ, 1941లోనే 'రెడక్స్' అనే జిగురుతో విమానాల లోహ భాగాలను అతికించే పద్ధతిని రూపొందించింది. మన ఇళ్లలో అందరికీ తెలిసిన అరాల్డైట్ అనే పేరు కూడా ఆ సంస్థ పేరులోంచి పుట్టిందే. 1996లో వచ్చిన లోటస్ ఎలీజ్ కారు ఛాసిస్‌ను అల్యూమినియం భాగాలను ఎపాక్సీతో అతికించి తయారు చేశారు. 2019లో పెనుకొండ దగ్గర యర్రమంచి వద్ద కియా కర్మాగారం ఉత్పత్తి మొదలుపెట్టినప్పటి నుంచి కార్ల తయారీ మన ప్రాంతానికి దూరపు విషయం కాకుండా పోయింది. ఇప్పటి కార్లలో, అది ఏ సంస్థదైనా సరే, తలుపు బయటి రేకు అంచును లోపలి రేకు మీదికి మడిచే చోట ఆ మడతలో జిగురు ఉండడం మామూలు సంగతి. బానెట్ అంచుల్లోనూ అంతే. బాడీలో కొన్ని చోట్ల స్పాట్ వెల్డింగ్ చుక్కల మధ్య జిగురు గీత గీసి, రెండూ కలిసి బరువు మోసేలా చేస్తారు. వెల్డింగ్ చుక్క తన మీద పడే బలాన్నంతా ఒక్క బిందువు దగ్గరే మోయాలి. జిగురు దానిని అంచు పొడవునా పంచుతుంది, అదురును కొంత మింగుతుంది, రెండు రేకుల సందులోకి నీరు దూరకుండా అడ్డుపడి తుప్పును ఆలస్యం చేస్తుంది.

అయితే కర్మాగారంలో వాడే ఆ జిగురు మన షెడ్లలో పనికిరాదు. అది ఒకే భాగంగా వచ్చే ఎపాక్సీ. పెయింటు ఆరబెట్టే పొయ్యిలో 170, 180 డిగ్రీల వేడిలో ఇరవై, ముప్పై నిమిషాలు ఉంటేనే గట్టిపడుతుంది. కాబట్టి "కంపెనీవాళ్లు వాడేదే కావాలి" అని పట్టుబట్టడంలో అర్థం లేదు. షెడ్డులో మనకు అందుబాటులో ఉండేవి మామూలు వేడికే గట్టిపడే రకాలు. వాటి హద్దులు వేరు.

పెట్టె మీది అంకె చెప్పేది, చెప్పనిది

జిగురు బలాన్ని సాధారణంగా మెగాపాస్కల్స్‌లో ఇస్తారు. ఒక మెగాపాస్కల్ అంటే చదరపు సెంటీమీటరుకు సుమారు 10 కిలోల లాగుడు. మంచి ఎపాక్సీ 20 నుంచి 30 వరకు చూపిస్తుంది. కారు ముందు అద్దం అతికించే పాలీయురేథేన్ 4 నుంచి 6 వరకు, ప్యాకింగుల దగ్గర వాడే సిలికాన్ దాదాపు 2. ఈ అంకె ఎలా వస్తుందో తెలుసుకుంటేనే దానిని ఎంతవరకు నమ్మాలో అర్థమవుతుంది. అంగుళం వెడల్పున్న రెండు లోహపు పట్టీలను అర అంగుళం మేర ఒకదాని మీద ఒకటి పెట్టి అతికించి, రెండు కొసలనూ పట్టుకుని ఎదురెదురుగా లాగుతారు. ఆ అతుకు వైశాల్యం మూడు చదరపు సెంటీమీటర్లకు కాస్త ఎక్కువ. 25 మెగాపాస్కల్స్ జిగురైతే అది తెగడానికి సుమారు 800 కిలోల లాగుడు కావాలి, అంటే ఒక చిన్న కారును గాలిలో వేలాడదీసినంత. బొటనవేలంత అతుకు అంత బరువు మోస్తుందంటే నమ్మశక్యంగా ఉండదు గానీ అది నిజమే. కాకపోతే ఆ పరీక్ష ప్రయోగశాలలో, బాగా శుభ్రం చేసిన లోహం మీద, 23 డిగ్రీల చల్లదనంలో, రెండు రేకులు ఒకదాని మీద ఒకటి జారే దిశలో మాత్రమే లాగి చేసినది. మన కారులోని అతుకుకు ఈ సౌకర్యాలేవీ ఉండవు.

వీటిలో దిశ సంగతి చాలా ముఖ్యం. గోడకు అంటించిన వాల్‌పోస్టరును అరచేత్తో నొక్కి పక్కకు జరపాలని చూస్తే అది కదలదు. అదే పోస్టరు మూలను గోటితో లేపి లాగితే చర్రున వచ్చేస్తుంది. పోస్టరు అదే, మైదా అదే. మొదటిసారి మన బలం పోస్టరు వైశాల్యమంతటి మీదా పడింది, రెండోసారి ఊడుతున్న అంచు దగ్గరి వెంట్రుకవాసి గీత మీదనే పడింది. లోహం విషయంలోనూ ఇదే జరుగుతుంది. జారే దిశలో 25 మెగాపాస్కల్స్ నిలిచే పెళుసు ఎపాక్సీ, అంచు నుంచి ఒలిచే బలం వస్తే చేతి లాగుడుకే లేచిపోవచ్చు. నంబరు ప్లేటు బిగించే పట్టీ, బంపర్ లోపలి క్లిప్పు, బానెట్ కింది ఇనుప కమ్మీ, మడ్‌గార్డు పట్టీ వంటివి షెడ్డుకు ఊడి వచ్చినప్పుడు వాటిని గమనిస్తే, వాటిలో ఎక్కువ భాగం ఇలా అంచు నుంచి ఒలుచుకుపోయినవే.

అందుచేత జిగురు కొనకముందే అతుకు ఆకారాన్ని మార్చగలమా అని చూసుకోవడం మేలు. రెండు రేకుల అంచులను మొహామొహాలు పెట్టి అతికిస్తే జిగురు పట్టే చోటు రేకు మందమంతే, అంటే మిల్లీమీటరు కూడా ఉండదు. అలాంటి అతుకును ఏ జిగురూ కాపాడలేదు. వెనుక ఒక పట్టీ వేసి, ఇటూ అటూ రెండేసి సెంటీమీటర్లు కమ్ముకునేలా అతికిస్తే బలం జారే దిశలోకి మారుతుంది. రేకులు కమ్ముకునే పొడవును విపరీతంగా పెంచినా ప్రయోజనం తక్కువ, ఎందుకంటే ఒత్తిడి అంతా రెండు కొసల దగ్గరే పేరుకుంటుంది, మధ్య భాగం పెద్దగా పనిచేయదు. దానికి బదులు వెడల్పు పెంచాలి. ఒలుపు తప్పదనుకున్న కొస దగ్గర ఒక రివెట్టో చిన్న బోల్టో వేస్తే ఆ ఒక్కటి జిగురు ఆయుష్షును ఎన్నో రెట్లు పెంచుతుంది.

వేడి: ఇక్కడ మొదట చూడవలసిన అంకె

బలం తరువాత చూడవలసినది వేడిని తట్టుకునే శక్తి అని సాధారణంగా చెబుతారు. మన అనంతపురం, కర్నూలు, కడప పట్టణాల్లో మాత్రం ఈ వరుసను తిరగవేయాలని నా అభిప్రాయం. కర్నూలు, కడపల్లో మే నెలలో గాలి ఉష్ణోగ్రత 42, 43 డిగ్రీలు దాటడం మామూలే. ఆ ఎండలో నిలిపి ఉంచిన ముదురు రంగు కారు రేకు 70 డిగ్రీల వరకు కాగుతుంది. మామూలు వేడికి గట్టిపడే సాధారణ ఎపాక్సీ చాలావరకు 50 నుంచి 65 డిగ్రీల మధ్య ఎక్కడో ఒకచోట గాజులాంటి గట్టిదనం వదిలి రబ్బరులా మెత్తబడుతుంది. అది కరగదు, కారిపోదు, చూడడానికి ఏ మార్పూ కనిపించదు. కానీ ఆ గీత దాటాక దాని బలం చల్లగా ఉన్నప్పటి బలంలో చిన్న వంతుకు పడిపోతుంది. అతుకు మీద ఎప్పుడూ ఒక బరువు వేలాడుతూ ఉంటే, ఈ మెత్తదనంలో అది రోజుకు కొంచెం చొప్పున జారుతుంది. ఇంజను లోపలికి రాని భాగమే కదా అని వేడి సంగతి వదిలేసినవారికి వేసవిలో ఎదురయ్యే దెబ్బ ఇదే.

బానెట్ కింద లెక్క ఇంకా పెరుగుతుంది. రేడియేటర్ నీరు 85 నుంచి 105 డిగ్రీల మధ్య తిరుగుతుంది. ఇంజనాయిలు 120 వరకు పోతుంది. సైలెన్సర్ మొదటి భాగం, ఇంజను పొగను బయటికి తెచ్చే మ్యానిఫోల్డ్ గొట్టాలు కొన్ని వందల డిగ్రీలు. కాబట్టి పెట్టె మీద 'గరిష్ఠ ఉష్ణోగ్రత' అన్న చోట ఏముందో చూసి, మన భాగం చేరే వేడి కన్నా కనీసం ముప్పై డిగ్రీలు ఎక్కువ ఉంటేనే కొనడం క్షేమం. ఆ అంకె కూడా జాగ్రత్తగా చదవాలి: కొన్ని పెట్టెలపై ఉండేది కొద్ది నిమిషాలు మాత్రమే తట్టుకునే వేడి, గంటల తరబడి తట్టుకునేది కాదు. లోహపు పొడి కలిపిన ఎపాక్సీలలో 250 డిగ్రీల దాకా తట్టుకుంటాయని చెప్పేవి ఉన్నాయి. అమెరికాలో పుట్టిన జె-బి వెల్డ్ అలాంటిదే. అంత వేడిలో అవి మాడిపోకుండా ఉంటాయన్నది వేరు, అంత వేడిలో కూడా చల్లగా ఉన్నప్పటి బలమే చూపిస్తాయన్నది వేరు. మొదటిది నిజం, రెండోది కాదు.

ఇదే ఎండ ఒక మేలు కూడా చేస్తుంది. ఎపాక్సీ ఎంత వేడిలో గట్టిపడితే, ఆ తరువాత అంత ఎక్కువ వేడిని తట్టుకుంటుంది. 25 డిగ్రీల నీడలో పూర్తిగా ఆరిన అతుకు 55 దగ్గర మెత్తబడితే, అదే అతుకును నీడలో గట్టిపడనిచ్చి, తరువాత బిగింపు తీయకుండా 60, 70 డిగ్రీల వేడిలో కొన్ని గంటలు ఉంచితే ఆ హద్దు చెప్పుకోదగినంత పైకి జరుగుతుంది. పెద్ద వర్క్‌షాపుల్లో దీనికి వేడి దీపాలు, పొయ్యిలు వాడతారు. వేసవిలో మనకు ఎండలో పెట్టిన ఇనుప పెట్టె చాలు. తెల్లవారుజామున చల్లగా ఉన్నప్పుడు అతికించి, మరునాటి వరకు కదపకుండా ఉంచి, ఆ తరువాతి రోజు మధ్యాహ్నపు ఎండలో పెట్టడం ఖర్చు లేని పద్ధతి. ఇది ఎపాక్సీకి మాత్రమే వర్తిస్తుందని గుర్తుంచుకోవాలి.

ఏ రకం ఎక్కడ

ఎపాక్సీ గురించి ఇప్పటికే చాలా చెప్పాను. రేకు మీద రేకు, పోత అల్యూమినియం మీద పట్టీ వంటి గట్టి, కదలని అతుకులకు అదే మొదటి ఎంపిక. దానిలోనూ ఐదు నిమిషాల్లో గట్టిపడే రకం కన్నా ఇరవై నాలుగు గంటలు తీసుకునే రకమే బలంలోనూ, వేడి తట్టుకోవడంలోనూ మెరుగు. తొందరపని కోసం ఐదు నిమిషాల రకాన్ని కొని కారులోని లోహ భాగానికి వాడడం నేను సిఫారసు చేయను. ఎం-సీల్ వంటి ముద్ద ఎపాక్సీ రంధ్రం పూడ్చడానికి, కారడం ఆపడానికి బాగుంటుంది. బరువు మోసే అతుకుకు అది సరిపోదు.

మెథాక్రిలేట్ అనే రకం మన చిన్న దుకాణాల్లో అరుదుగా దొరుకుతుంది గానీ, బాడీ పనులు చేసేవారు తెలుసుకోవలసినది. బలంలో ఎపాక్సీకి కొంచెం తక్కువైనా, ఒలిచే బలానికీ దెబ్బకూ బాగా నిలుస్తుంది. లోహం మీద కాస్త జిడ్డు మిగిలినా పట్టుకుంటుంది, పావుగంటకో అరగంటకో చేతితో కదిలించలేనంత గట్టిపడుతుంది. ఘాటు వాసన, వెంటనే మంట అంటుకునే ఆవిరి దాని లోపాలు. తలుపులు మూసిన షెడ్డులో, బీడీ వెలిగించే మనిషి పక్కన దానిని తెరవకూడదు.

ఫెవిక్విక్ వంటి సయనోఅక్రిలేట్ లోహానికి లోహాన్ని క్షణాల్లో పట్టేస్తుంది, కానీ పట్టు పెళుసు. అదురుకూ ఒలుపుకూ నిలవదు, 80 డిగ్రీల దగ్గర బలం కోల్పోతుంది, రెండు ముఖాల మధ్య సందు కాగితం మందం దాటితే సరిగా గట్టిపడదు. డ్యాష్‌బోర్డు మీది చిన్న పేరు పలకకు వాడుకోవచ్చు. అంతకు మించి కారులో దానికి పెద్దగా చోటు లేదు.

పాలీయురేథేన్ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మెగాపాస్కల్స్ అంకె చూసి దానిని బలహీనమైనదిగా కొట్టిపారేయడం పెద్ద పొరపాటు. అది సాగుతుంది. ఆ సాగుడే దాని బలం. ఒక మీటరు పొడవున్న ఉక్కు కమ్మీ మీద అంతే పొడవున్న అల్యూమినియం పట్టీని అతికించామనుకుందాం. తెల్లవారుజామున 20 డిగ్రీల నుంచి మధ్యాహ్నం 70 డిగ్రీలకు చేరేసరికి ఉక్కు 0.6 మిల్లీమీటర్లు పెరుగుతుంది, అల్యూమినియం 1.15 మిల్లీమీటర్లు పెరుగుతుంది. ఆ అర మిల్లీమీటరు తేడాను ప్రతి రోజూ మోయవలసినది మధ్యనున్న జిగురే. పావు మిల్లీమీటరు మందం గల గట్టి ఎపాక్సీ పొర దానికి లొంగదు. కొసల దగ్గర పగులు మొదలవుతుంది. మూడు మిల్లీమీటర్ల మందం గల పాలీయురేథేన్ పొరకు అది లెక్క కాదు. పైకప్పు మీది క్యారియర్ పట్టీల వంటి పొడవైన, వేర్వేరు లోహాల అతుకులకు ఇదే సరైనది. రెండు లోహాలు నేరుగా తగలకుండా ఆపి, వాటి మధ్య పుట్టే తుప్పును కూడా అది తగ్గిస్తుంది.

ముందు అద్దాన్ని బాడీ ఇనుముకు పట్టి ఉంచేది కూడా పాలీయురేథేనే. ప్రయాణికుడి వైపు ఎయిర్‌బ్యాగు విచ్చుకున్నప్పుడు చాలా కార్లలో అది అద్దానికి ఆనుకున్నాకే మనిషి వైపు తిరుగుతుంది కాబట్టి, ఆ అతుకు ప్రాణరక్షణకు సంబంధించినది. అద్దం అంచు చుట్టూ కనిపించే నల్లటి పట్టీ అందానికి కాదు, ఎండలోని అతినీలలోహిత కిరణాలు జిగురును తినేయకుండా కాపాడడానికి. ఒకే ట్యూబుగా వచ్చే ఈ జిగురు గాలిలోని తేమతో గట్టిపడుతుంది. దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లాల్లో ఒకటైన అనంతపురంలో, ఏప్రిల్ నెల పొడి గాలిలో దానికి కావలసిన తేమ తగినంత దొరకకపోవచ్చు. పైన తోలు కట్టినట్టు కనిపించినా లోపల పచ్చిగానే ఉండవచ్చు. అద్దం మార్చిన గంటకే బండి ఇచ్చేస్తామని ఎవరైనా అంటే, గాలి తేమను బట్టి కంపెనీ ఇచ్చిన సమయ పట్టికను చూపించమని అడగాలి. పొడి గాలిలో ఆ సమయం పెట్టె మీద రాసినదాని కంటే ఎక్కువ పట్టవచ్చు.

సిలికాన్ వేడికి ఎపాక్సీ కన్నా బాగా నిలుస్తుంది, 250 డిగ్రీలు కూడా దానికి పెద్ద విషయం కాదు, కానీ అది ప్యాకింగ్ పని చేసేదే తప్ప బరువు మోసేది కాదు. కొనేటప్పుడు వాసన చూడండి: వెనిగర్ వాసన వచ్చే రకం లోహాన్ని తింటుంది, సెన్సర్లను పాడుచేస్తుంది. వాసన లేని, కార్ల కోసమే చేసిన రకం వేరే ఉంటుంది. సిలికాన్ ఒకసారి పూసిన చోట తరువాత ఇంకే జిగురూ, పెయింటూ సరిగా పట్టదు కాబట్టి, తరువాత ఎపాక్సీ వేయవచ్చు అన్న ఆలోచన ఉన్న చోట దానిని ముట్టుకోకపోవడం మంచిది.

నట్టు బోల్టులకు వేసే థ్రెడ్‌లాకర్ గాలి తగలనప్పుడు, లోహం తగిలినప్పుడు మాత్రమే గట్టిపడే ప్రత్యేక జాతి. సాధారణంగా నీలం రంగుది పానాతో విప్పుకోవచ్చు. ఎరుపుది విప్పాలంటే 250 డిగ్రీల దాకా కాల్చాలి. అరిగి వదులైన బేరింగు గూటికి కూడా ఇదే జాతిలో వేరే రకం ఉంది. రేకు మీద రేకు అతికించడానికి ఇవి పనికిరావు. ఇక సైలెన్సర్ గొట్టానికి ఎపాక్సీ వేయడం వృథా. దానికి సోడియం సిలికేట్‌తో చేసిన పేస్టు ఉంటుంది. ఆ పేస్టు కూడా పొగ ఆపుతుందే తప్ప పగిలిన గొట్టాన్ని మోయదు.

లోహాన్ని సిద్ధం చేయడం

పదింట తొమ్మిది అతుకులు ఇక్కడే గెలుస్తాయి లేదా ఓడుతాయి అంటే అతిశయోక్తి కాదు. జిగురు పట్టుకునేది తనకు తగిలిన పొరను. ఆ పొర పెయింటైతే అతుకు బలం పెయింటు బలమే, తుప్పైతే తుప్పు బలమే, నూనె అయితే ఏమీ లేదు. మన షెడ్లలో భాగాలను పెట్రోలుతోనో డీజిలుతోనో కడిగి తుడవడం అలవాటు. ఆ రెండూ ఆరిన తరువాత కంటికి కనిపించని జిడ్డు పొరను వదిలిపోతాయి. అసిటోన్ గానీ ఐసోప్రొపైల్ ఆల్కహాల్ గానీ వాడాలి, అది కూడా ఉతికిన తెల్లటి నూలు గుడ్డతో, ఒకే దిశలో తుడిచి, ప్రతిసారీ గుడ్డ మడత మార్చుతూ.

వరుస కూడా ముఖ్యమే: ముందు జిడ్డు తీయాలి, తరువాత 80 నుంచి 120 నంబరు ఎమరీ పేపరుతో మెరుపు పోయేదాకా రుద్దాలి, ఆ తరువాత మళ్లీ జిడ్డు తీయాలి. ముందు రుద్దితే ఎమరీ పేపరు జిడ్డును లోహపు గీతల్లోకి నూరుతుంది. అది అక్కడి నుంచి బయటికి రాదు. పని పూర్తయిందో లేదో తెలుసుకోవడానికి ఒక చక్కని పరీక్ష ఉంది. రుద్ది శుభ్రం చేసిన చోట శుభ్రమైన నీళ్లు కొద్దిగా పోసి, రేకును ఏటవాలుగా పట్టుకుని చూడాలి. నీరు పల్చటి తెరలా, ఎక్కడా తెగకుండా పరుచుకుని కొన్ని క్షణాలు అలాగే నిలిస్తే లోహం సిద్ధం. తెర ఒకచోట చిట్లి, నీరు ముత్యాల్లా ముడుచుకుంటే అక్కడ ఇంకా జిడ్డు ఉంది. ఆ చోటు కంటికి ఎంత మెరిసినా సరే. మళ్లీ మొదటి నుంచి చేయాలి. సిద్ధమైన ముఖాన్ని తడి పోయేదాకా వేడి గాలితో ఆరబెట్టి, ఆపై వేలితో తాకకూడదు. అల్యూమినియమైతే ఆలస్యం అసలు పనికిరాదు, రుద్దిన క్షణం నుంచే దాని మీద కొత్త ఆక్సైడు పొర పెరగడం మొదలవుతుంది కాబట్టి, గంటలోపే జిగురు పూయడం మంచిది. జింకు పూత ఉన్న రేకును ఇనుము కనిపించేదాకా రుద్దకూడదు. పూత పోతే తుప్పుకు తలుపు తెరిచినట్టే.

కలపడంలో ఎక్కువమంది చేసే తప్పు, "కాస్త ఎక్కువ హార్డెనర్ వేస్తే ఇంకా గట్టిపడుతుంది" అనుకోవడం. ఎపాక్సీలో రెసిన్, హార్డెనర్ రెండూ లెక్క ప్రకారం ఒకదానితో ఒకటి కలిసి కొత్త పదార్థం అవుతాయి. ఏది ఎక్కువైనా ఆ మిగులు లోపల మెత్తటి మురికిలా ఉండిపోతుంది. రెండు రంగుల చారలు పూర్తిగా మాయమై ఒకే రంగు వచ్చేదాకా, మూలల్లోది గీకి మధ్యలోకి తెస్తూ కలపాలి. వేసవిలో సమయం గురించి మరో జాగ్రత్త: వేడి పది డిగ్రీలు పెరిగితే వాడుకోగల సమయం సుమారు సగానికి పడిపోతుంది. 25 డిగ్రీల దగ్గర గంట అని రాసి ఉంటే, 40 డిగ్రీల షెడ్డులో దొరికేది ఇరవై నిమిషాలే. గిన్నెలో ముద్దగా కలిపితే తన వేడికే తాను ఉడికి ఇంకా త్వరగా బిగుసుకుంటుంది. నీడలో చల్లగా ఉన్న నున్నటి కడప బండ ముక్క మీద పల్చగా పరిచి కలిపితే ఆ వేడిని రాయి లాగేసుకుని మరికొన్ని నిమిషాలు ఇస్తుంది. చేతులకు తొడుగులు తప్పనిసరి, ఎందుకంటే హార్డెనర్ చర్మానికి ఒకసారి పడకపోతే ఆ దురద జీవితాంతం వెంటాడుతుంది. అంటిన జిగురును అసిటోన్‌తో కడుక్కుంటే అది ఇంకా లోపలికి పోతుంది. సబ్బు నీళ్లే వాడాలి.

బిగింపు విషయంలో ఒక్క మాట. రెండు ముక్కలను నొక్కి పట్టే సీ-క్లాంపును శక్తికొద్దీ బిగించి జిగురంతా బయటికి పిండేస్తే మిగిలేది ఎండిన అతుకే. ఎపాక్సీ పొర 0.1 నుంచి 0.3 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి. కదలకుండా పట్టి ఉంచేంత ఒత్తిడి చాలు. సందు సమంగా ఉండడానికి రెండు మూడు చోట్ల 0.2 మిల్లీమీటర్ల సన్నని తీగ ముక్కలు పెట్టవచ్చు.

పగిలిన ఆయిల్ చాంబర్

పైన చెప్పినవన్నీ ఒకేచోట పరీక్షకు వచ్చే సందర్భం ఇది. కంకర తేలిన పల్లె దారిలో రాయి తగిలి అల్యూమినియం ఆయిల్ చాంబర్‌కు, అంటే ఇంజను కింద నూనె నిలిచే తొట్టికి, సన్నటి పగులు వస్తుంది. ఆర్గాన్ వెల్డింగ్ చేయించడమో, కొత్తది వేయడమో సరైన మార్గం. అవి దొరకని చోట, పట్టణం చేరేదాకా నిలవాలంటే జిగురు పనికొస్తుంది. నూనె పూర్తిగా దించి, పగులు రెండు కొసల దగ్గర మూడు మిల్లీమీటర్ల రంధ్రం వేస్తే అది ఇక ముందుకు పాకదు. పోత అల్యూమినియం సన్నటి రంధ్రాల నిండా నూనె తాగి ఉంటుంది, కాబట్టి శుభ్రం చేశాక వేడి గాలితో వెచ్చబెట్టి, బయటికి చెమర్చిన నూనెను తుడిచి, చెమర్చడం ఆగేదాకా ఇదే చేస్తూ పోవాలి. ఈ అంచె వదిలేసినందువల్లే చాలా చాంబర్ అతుకులు మరునాడే కారతాయి. 150 డిగ్రీలకు పైగా తట్టుకునే లోహపు పొడి ఎపాక్సీని పగులు మీదే కాక చుట్టూ రెండు సెంటీమీటర్ల మేర పూసి, పైన అల్యూమినియం పట్టీ అతికించి, ఒక రోజంతా ఆరనివ్వాలి. ఆ తరువాత కూడా ఆయిలు మట్టాన్ని రోజూ చూసుకోవాలి.

కొన్ని చోట్ల ఈ చర్చే అవసరం లేదు. స్టీరింగ్ రాడ్లు, సస్పెన్షన్ చేతులు, బ్రేకు భాగాలు, ఛాసిస్ కమ్మీలు, సీటు బెల్టు బిగించిన చోట్లు, పెట్రోలు ట్యాంకు, వీటికి షెడ్డులో ఏ జిగురూ వేయకూడదు. బ్రేకు లైనర్లు జిగురుతోనే అతికి ఉంటాయి కదా అని వాదించేవారున్నారు. నిజమే, కానీ అవి కర్మాగారంలో ఒత్తిడి, అధిక వేడి మధ్య ఫినాలిక్ జిగురుతో అతికించినవి. ఊడిన లైనర్‌ను ఎపాక్సీతో తిరిగి అంటించడం మనిషి ప్రాణంతో చెలగాటం.

చివరగా, ఊడిన అతుకును పారేయకుండా వెలుతురులో పెట్టి రెండు ముఖాలనూ చూడాలి. జిగురంతా ఒక ముక్కకే అంటుకుని, రెండో ముక్క నున్నగా లోహం మెరుస్తూ కనిపిస్తే, ఆ రెండో ముక్క సరిగా శుభ్రపడలేదని అర్థం. ఖరీదైన జిగురు కొన్నా ఫలితం మారదు. రెండు ముఖాల మీదా జిగురు చీలి మిగిలితే పట్టు బాగానే ఉంది, బలమే చాలలేదు; అతుకు వెడల్పు పెంచాలి, లేదా రకం మార్చాలి. జిగురుతో పాటు పెయింటు పొర లేచి వస్తే పెయింటు తీయకుండా అతికించారన్నమాట. జిగురు గోటితో నొక్కితే దిగేంత మెత్తగా ఉంటే కలపడంలో పాళ్లు తప్పాయి, లేక పాత సరుకు. రేకుల కప్పు కింద వేసవంతా ఉడికిన ట్యూబులకు పెట్టె మీది గడువు తేదీ కన్నా ముందే కాలం తీరుతుంది, అందుకే కొనేటప్పుడు తేదీతో పాటు ఆ దుకాణంలో అది ఎక్కడ పెట్టి ఉందో కూడా చూడడం మంచిది.